సంచి నొక్కే చెయ్యి

"అనుకోండి" అనే ఒక్క మాటతో నా ఉద్యోగం గడిచిపోయింది. ఇది మనిషి అనుకోండి. ఇతనికి ఊపిరి ఆడడం లేదనుకోండి. కుళాయిలో నీళ్లు వస్తున్నాయి, చేతులు కడుక్కుంటున్నారు అనుకోండి. ఈ చివరిది నేను కావాలని పెట్టిన పాఠం కాదు. మా కాలేజీకి ట్యాంకరు వచ్చేది పొద్దున ఒకసారి, ఆ నీళ్లు హాస్టలుకే చాలవు. అనంతపురంలో నర్సింగ్ చదివిన పిల్లలు ఒట్టి చేతులు రుద్దుకోవడంలో ఆరితేరిపోతారు. వార్డుకు వెళ్లాక కుళాయి తిప్పితే నీళ్లు పడ్డాయని సంబరపడతారు.

నేను నర్సింగ్ ట్యూటర్ని. ఊరి బయట బైపాసు పక్కన ఆసుపత్రి, దాన్ని ఆనుకుని ఒకవైపు మెడికల్ కాలేజీ, ఇంకోవైపు నర్సింగ్ కాలేజీ. మా కాలేజీలో కింది అంతస్తు చివరి గది నాది. బోర్డు మీద సిమ్యులేషన్ ల్యాబ్ అని ఉంటుంది గానీ పిల్లల దగ్గర నుంచి వాచ్‌మన్ దాకా అందరూ దాన్ని బొమ్మల గది అంటారు. లోపల మంచం మీద నిలువెత్తు రబ్బరు బొమ్మ పడుకుని ఉంటుంది. నోట్లో గొట్టం వేసి, దానికి తగిలించిన సంచి నొక్కితే బొమ్మ ఛాతీ లేస్తుంది, వదిలితే దిగుతుంది. నిజం మనిషి మీద చెయ్యబోయే తప్పేదో ముందు దీని మీద చేసెయ్యాలి, ఈ చదువంతా అంతే. తప్పు చేస్తే బొమ్మ ఏమీ అనదు కాబట్టి దాని బదులు నేను అంటాను. అనీ అనీ గొంతు బొంగురుపోయింది. నిలబడీ నిలబడీ మోకాళ్లు అరిగిపోయాయి. ఈమధ్య పొద్దున్నే ఆ గది తాళం తీస్తుంటే, ఈరోజు ఎవరూ రాకపోతే బాగుండు అనిపిస్తుంది. అలా అనిపించినందుకు మొదట్లో సిగ్గుపడేదాన్ని, ఇప్పుడు అదీ లేదు.

ఆ గదిలో చాలా నేర్పిస్తామని కాగితం మీద ఉంటుంది. నా మటుకు నేను నేర్పడానికి ప్రయత్నించింది ఒక్కటే. లోపలికి ఎవరొచ్చినా సరే, సంచి నొక్కే చెయ్యి ఆగకూడదు. వినడానికి ఇదీ ఒక పాఠమేనా అనిపిస్తుంది. నాకు ఇన్నేళ్లూ దీనికే సరిపోయాయి.

ఇది నాకు పట్టుకోవడానికి కారణం ఒకామె. బెళుగుప్ప దగ్గర ఏదో పల్లె ఆమెది. అప్పటికి మాకు బొమ్మ లేదు, నేను వార్డులోనే పిల్లలకు పని నేర్పించేదాన్ని. శెనక్కాయ పీకే కాలంలో, పొలంలో కుప్పగా వేసిన వామికి కావలి పడుకున్న ఆమెను కట్లపాము కరిచింది. ఆ పాము కరిస్తే నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగ్గా కనపడదు. తెల్లారేసరికి రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయిపోయింది. ఆటోలో ఆసుపత్రికి తెచ్చేసరికి ఊపిరి తీసే సత్తువ కూడా పోయింది. విరుగుడు మందు ఎక్కించారు. ఆ మందు పనిచేసేదాకా ఆమె ఊపిరి ఆమె బదులు ఎవరో ఒకరు తియ్యాలి. వెంటిలేటర్లేమో అన్నీ వేరే రోగులకు ఉన్నాయి. గొంతులో గొట్టం వేసి, సంచి తగిలించి, మా నర్సింగ్ పిల్లల్ని వంతులవారీగా స్టూలు మీద కూర్చోబెట్టాను. నొక్కితే ఆమెకు గాలి, నొక్కకపోతే లేదు.

పిల్లలు రెండు రోజులు బాగానే నొక్కారు. చేతులు వాచినా ఎవరూ సణగలేదు. కాకపోతే మాకు ఒక పద్ధతి ఉంది. పెద్దవాళ్లు వస్తే లేచి నిలబడాలి. అది మాకు ఎవరో నేర్పింది కాదు. ఇంట్లో నాయన వస్తే లేస్తాం, బడిలో అయ్యవారు వస్తే లేస్తాం, వార్డులో డాక్టరు వస్తే లేస్తాం. ఆ రెండు రోజుల్లో రౌండ్సుకు డాక్టరుగారు వచ్చారు, మేట్రన్ వచ్చింది, ఆమెది మా ఊరేనంటూ ఒక నాయకుడు తన మనుషులతో వచ్చి పోయాడు. ఎవరొచ్చినా స్టూలు మీది పిల్ల చటుక్కున లేచి, చేతులు పక్కకు పెట్టి, గోడకు ఆనుకుని నిలబడేది. వచ్చినవాళ్లు కూర్చో అన్నాకనే మళ్లీ కూర్చునేది. అందులో మాకెవరికీ తప్పేమీ తోచలేదు.

ఆమె బతికింది. ముందు వేళ్లు కదిలాయి, తర్వాత రెప్పలు లేచాయి. గొట్టం తీసేసిన రోజు, చెంపల మీద ప్లాస్టరు జిగురు అంటుకుని ఉంటే నేను స్పిరిట్‌తో తుడుస్తున్నాను. ఆ రెండు రోజులూ ఆమెకు స్పృహ లేదనే నేనూ అనుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, గొంతు పెగలకపోయినా ఆగి ఆగి చెప్పింది.

"నాకు అన్నీ ఇనపడతానే ఉండెనమ్మా, కండ్లు తెరిసేకే కాలేదు. టకటకా బూట్ల సప్పుడైతే సాలు, బయమయ్యేది. ఎవురో పెద్దోల్లు వచ్చినారని ఆ పాప లేసేది. పాప లేస్తే నాకు గాలి నిల్సిపోయేది."

ఆ పాపను మాత్రం ఏమీ అనవద్దని బతిమాలింది కూడా. చిన్నపిల్ల, మర్యాద తెలిసిన పిల్ల అంది.

నేను బయటకొచ్చి మందుల గదిలో తలుపు వేసుకుని ఏడ్చాను. ఆ వార్డులో మిగతా అందరం చెప్పులు వేసుకుని తిరిగేవాళ్లం. టకటకలాడే బూట్లతో వచ్చేది మెడిసిన్ విభాగం పెద్ద డాక్టరుగారు ఒక్కరే. మంచి డాక్టరు. ఆమెకు విరుగుడు ఎంత ఎక్కించాలో ఆయన లెక్క కట్టి చెప్పబట్టే ఆమె బతికింది. ఆమెను బతికించిన మనిషి అడుగుల చప్పుడు వింటే ఆమె ప్రాణం పైకి పోయేదని ఆయనతో ఎవరు చెప్పాలి, ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? మా దగ్గర అలాంటివి చెప్పరు. నేనూ చెప్పలేదు. పిల్లలకు నేర్పుకుంటే చాలు కదా అనుకున్నాను.

మాది ధర్మవరం. మా నాయన పట్టుచీరలు నేసేవాడు. మగ్గం ముందు నేలలో గుంట ఉంటుంది, కాళ్లు అందులో పెట్టి కూర్చుని నేస్తారు. నేత మధ్యలో ఎంత పెద్ద షావుకారు గడపలోకి వచ్చినా నాయన లేచేవాడు కాదు. తల ఊపి, కూర్చో అన్నా అని, చేతిలో పని ఒక కొసకు వచ్చేదాకా నేసి, అప్పుడు కాళ్లు బయటకు తీసేవాడు. షావుకార్లూ అది పట్టించుకునేవాళ్లు కాదు. గోడ పక్కన చాప మీద కూర్చుని, నీళ్లు తాగుతూ ఎదురు చూసేవాళ్లు. గుంటలో కాళ్లున్న మనిషి లేవడని అక్కడ అందరికీ తెలుసు. ఊరంతా ఊరికే లేచి నిలబడే మర్యాదలో, ఆ ఒక్కచోట మాత్రం కూర్చోవడమే మర్యాదగా ఉండేది.

బొమ్మ వచ్చాక నేను పిల్లలకు అదే చెప్పడం మొదలుపెట్టాను. స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకోండి, కాళ్లు మంచం కిందికి పెట్టండి, కాళ్లు గుంటలో ఉన్నాయనుకోండి. ఇంకో అనుకోండి.

మా పిల్లలకు మటుకే చెబితే లాభం లేదని తొందరగానే తెలిసింది. నర్సులు ఒకచోట చదువుతారు, డాక్టర్లు ఇంకోచోట చదువుతారు, ఇద్దరూ మొట్టమొదటిసారి కలిసేది చావుబతుకుల్లో ఉన్న మనిషి మంచం దగ్గర. పరిచయాలకు అదా చోటు? అందుకని హౌస్ సర్జన్లను కూడా వారానికొకసారి బొమ్మల గదికి పంపమని అడిగాను. ఎంతమందిని ఎన్నిసార్లు అడిగానో చెప్పుకుంటే అలసట ఇంకా పెరుగుతుంది. చివరికి మెడికల్ కాలేజీవాళ్లు ఒప్పుకున్నారు. వచ్చిన హౌస్ సర్జన్లు గోడ వెంబడి నిలబడి ఫోన్లు చూసుకునేవాళ్లు. సంచి నొక్కడం సిస్టర్ల పని కదా మేడం అని ఒకతను నవ్వుతూ అన్నాడు. అయితే సిస్టరు రాకపోతే రోగి ఊపిరి బిగబట్టుకుని ఉంటాడా నాయనా అంటే, ఫోను జేబులో పెట్టి కూర్చున్నాడు.

తెల్లకోటు ఆట అప్పుడే పుట్టింది. పిల్లలు సంచి నొక్కుతూ ఉంటారు, ఇంకొకరు మందులు చూస్తూ ఉంటారు, సరిగ్గా అందరూ పనిలో మునిగి ఉన్నప్పుడు తెల్లకోటు వేసుకున్న మనిషి ఒకరు తలుపు తోసుకుని లోపలికి వస్తారు. చెయ్యి ఆగుతుందా లేదా, అదీ పరీక్ష. మొదట హౌస్ సర్జన్లనే పంపాను. పిల్లలు లేచారు. తర్వాత వాళ్ల తోటి పిల్లకే కోటు తొడిగి పంపాను. దానికీ లేచారు. ఒకరోజు కోపం వచ్చి వాచ్‌మన్‌కు కోటు వేసి పంపాను. రోజూ గేటు దగ్గర, ఏమప్పా బాగుండావా అని వీళ్లు పలకరించే మనిషే. అతనికీ లేచి నిలబడ్డారు. అతను మొదటిసారి సిగ్గుపడి బయటకు పరిగెత్తాడు. నాలుగైదు వారాలయ్యాక మాత్రం ఛాతీ విరుచుకుని, మంచం చుట్టూ తిరిగి, బొమ్మ నాడి కూడా పట్టుకుని చూసేవాడు. గదిలో నవ్వని వాళ్లు లేరు. నవ్వుతూనే లేచేవాళ్లు.

ఏటా కొత్త పిల్లలు వస్తారు. ఏడాది చివరికి చేతులు ఆగకుండా తయారవుతారు. వాళ్లు వెళ్లిపోతారు, మళ్లీ కొత్తవాళ్లు వచ్చి మళ్లీ లేస్తారు. తూట్లు పడ్డ బిందెతో నీళ్లు మోసినట్టు అయిపోయింది నా పని.

ఇక ఈ సంవత్సరం సంగతి. ఆసుపత్రికి కొత్త స్కానింగ్ మిషను వస్తోందని, దానికి కింది అంతస్తులో గది కావాలని అన్నారు. ఆసుపత్రినీ కాలేజీలనూ నడిపే చైర్మన్‌గారి చూపు బొమ్మల గది మీద పడింది. వారానికొకసారి జరిగే క్లాసుకు అంత గది ఎందుకు, బొమ్మను పైన స్టోరు రూములో పెడితే పోలా అన్నారట. స్టోరు రూములో పెట్టిన వస్తువు మళ్లీ దిగిరావడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ క్లాసు అవసరమా కాదా అన్నది మెడిసిన్ పెద్ద డాక్టరుగారు చూసి చెప్పాలన్నారు. ఆ బూట్ల మనిషే. ఆయనకు మొదటి నుంచీ ఈ క్లాసు గిట్టదు. డాక్టర్లు వస్తే లేవొద్దని ఆడపిల్లలకు నేర్పిస్తున్నానని ఎవరో ఆయనకు చెప్పారు. అప్పటి నుంచి హౌస్ సర్జన్లను పంపడానికి ఏదో ఒక అడ్డం చెబుతూ వచ్చారు.

చూడడానికి ఆయన వస్తానన్న రోజు, నిజం చెప్పాలంటే, నాకు భయం వెయ్యలేదు. గది పోతే పోయింది, ఇంక కూర్చుని పాఠం చెప్పుకోవచ్చు, మోకాళ్లకు కాస్త తెరిపి అని ఒకపక్క అనిపించింది. ఇంకోపక్క ఆ బెళుగుప్పామె గుర్తొచ్చింది. ఎందుకైనా మంచిదని తాళంచెవిని గుత్తిలోంచి విడిగా తీసి పెట్టుకున్నాను, ఇచ్చేయమంటే ఇచ్చేయవచ్చని.

ఆ బ్యాచిలో అందరికన్నా మంచి చెయ్యి ఉన్న పిల్లను సంచి దగ్గర కూర్చోబెట్టాను. వాచ్‌మన్ కోటు వేసుకుని ఎన్నిసార్లు వచ్చినా చలించని పిల్ల. పక్కన ఒక హౌస్ సర్జన్ మందులు చెబుతున్నాడు. అంతా బాగా జరుగుతూ ఉంది. అప్పుడు వరండాలో బూట్ల చప్పుడు వినిపించింది. నాకే వీపు నిటారుగా అయింది. తలుపు తెరుచుకుంది, పిల్ల లేచింది. సంచి జారి బొమ్మ గుండెల మీద పడింది. హౌస్ సర్జన్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

ఆయన వెటకారంగా నవ్వలేదు. నా మీద జాలిపడ్డట్టే మాట్లాడారు. ఇన్నేళ్లు గొంతు చించుకుని చెప్పినా లేచారు కదమ్మా, ఇది మన నెత్తురులో ఉంది, నీకెందుకు ఈ కష్టం, వదిలెయ్ అన్నారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. నా చెయ్యి తాళంచెవి మీదికి పోయింది కూడా. అప్పుడు ఆ పిల్ల మొహం చూశాను. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, బొమ్మ మీద పడ్డ సంచిని చూస్తూ ఉంది. నాకు ఒక్కసారిగా కోపం వచ్చింది. ఆ పిల్ల మీద కాదు, ఆయన మీద కూడా కాదు. అలిసిపోయిన మనిషికి వచ్చే కోపం అది, దానికి ఎదురుగా ఎవరున్నారనే లెక్క ఉండదు.

ఆ కోపంలోనే ఆయనకు చెప్పేశాను. పాము కరిచి వచ్చిన బెళుగుప్పామె గురించి, రెప్పలు కదలకుండా పడి ఉండి అన్నీ విన్న సంగతి, బూట్ల చప్పుడు వింటే భయమయ్యేదన్న సంగతి, ఎవరైనా వస్తే గాలి ఆగిపోయేదన్న సంగతి, ఒక్క ముక్క దాచకుండా చెప్పాను.

"ఆ బూట్లు మీవి సార్," అన్నాను చివరికి.

ఆయన కిందికి, తన కాళ్ల వైపు చూసుకున్నారు. ఆమె బతికింది కదా అని అడిగారు.

"బతికినాది సార్. బతికినాది గాబట్టే చెప్పినాది. బతకనోళ్లు మనకేం చెప్తారు?"

ఆయన బయటకు వెళ్లిపోతారనుకున్నాను. వెళ్లకుండా స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఎట్లా పట్టుకోవాలో చూపించమని ఆ పిల్లను అడిగారు. ఆయనకు తెలియక కాదు, ఆయన చేత్తో ఆ పని చేసి ఎంత కాలమైందో మరి. పిల్ల సంచి అందుకుని చూపించింది. స్టూలు ముందుకు జరుపుకోవాలని, కాళ్లు మంచం కిందికి పెట్టాలని, కాళ్లు గుంటలో ఉన్నాయనుకోవాలని మేడం చెబుతారని చెప్పింది. ఏం గుంట అని ఆయన నా వైపు చూశారు. మగ్గం గుంట అన్నాను. ఈ ప్రాంతం మనిషే, ఇంక వివరం అడగలేదు. కాళ్లు లోపలికి పెట్టుకుని నొక్కడం మొదలుపెట్టారు. బొమ్మ ఛాతీ లేచింది, దిగింది. కాసేపటికి ఆయన మణికట్టు నొప్పి పుట్టినట్టు చెయ్యి మార్చుకున్నారు. అయినా ఆపలేదు. పిల్లలందరూ మంచం చుట్టూ చేరి ఆయన చేతినే చూస్తున్నారు.

సరిగ్గా అప్పుడే చైర్మన్‌గారు వచ్చారు. అది నేను పంపిన కోటు కాదు, దేవుడి సాక్షిగా. గది కొలతలు తీసుకోవడానికి ఇంజనీరును వెంటబెట్టుకుని, తెల్ల చొక్కా, తెల్ల పంచెతో గుమ్మంలో నిలబడ్డారు. పెద్ద డాక్టరుగారు దిగ్గున లేచారు. రెండు చేతులూ జోడించి, నమస్కారం సార్ అన్నారు. సంచి జారి బొమ్మ గుండెల మీద పడింది.

మేమందరం బొమ్మ ఛాతీ వైపు చూశాం. అది కదలడం లేదు. మామూలుగా అయితే అక్కడ నేను అరుస్తాను. ఈసారి నాకంటే ముందు ఇంకో గొంతు లేచింది.

"సార్, గాలి," అని ఆ పిల్ల మెల్లగా అంది.

ఆయన జోడించిన చేతులు జోడించినట్టే ఉన్నాయి. వాటిని ఒకసారి చూసుకున్నారు, మంచం వైపు చూశారు. మొహం ఎర్రబడింది. చేతులు విడదీసి, స్టూలు మీద కూర్చుని, సంచి అందుకుని నొక్కారు. చైర్మన్‌గారికి ఏమీ అర్థం కాలేదు. ఏం డాక్టరుగారూ, ఏం జరుగుతోంది ఇక్కడ అని అడిగారు. ఆ గొంతులో కాస్త అసహనం కూడా ఉంది. ఆ గొంతు విని కూర్చుని ఉండిపోయిన మనిషిని మా కాలేజీలో నేను అంతవరకూ చూడలేదు.

"లేసేకి లేదు సార్," అన్నారు పెద్ద డాక్టరుగారు తలెత్తకుండానే. "కాళ్లు గుంటలో ఉండాయి."

చైర్మన్‌గారి కుటుంబం మూడు తరాలుగా ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసిన కుటుంబం. చిన్నప్పుడు వాళ్ల నాయన వెంట ఎన్ని మగ్గాల ఇళ్లు తిరిగి ఉంటారో. ఆయన ఆ మాట విని గోడ పక్కనున్న బెంచీ మీద కూర్చున్నారు. టేపు తీయబోతున్న ఇంజనీరును ఆగమని చేత్తో సైగ చేశారు. షావుకార్లు చాప మీద కూర్చున్నట్టే కూర్చుని, ఆ చేతి పని ఒక కొసకు వచ్చేదాకా చూశారు.

చెయ్యి అలిసిపోయాక పెద్ద డాక్టరుగారు సంచిని ఆగనివ్వకుండా ఆ పిల్ల చేతికి అందించి, అప్పుడు లేచారు. ఈ గది ఉండనీండి సార్, మా పిల్లోల్లను వారం వారం నేనే పంపిస్తా అన్నారు. చైర్మన్‌గారు సరే అన్నారు. ఇద్దరూ వరండాలోకి వెళ్లారు. బూట్ల చప్పుడు దూరమయ్యేదాకా నేను ఆ పిల్ల చేతినే చూస్తూ ఉన్నాను.

నాకు సంతోషంగానే ఉంది. కానీ ముందుగా గుర్తొచ్చింది మాత్రం నా మోకాళ్లు. వచ్చే వారం మళ్లీ ఈ గదికి రావాలి, మళ్లీ కొత్త పిల్లలు లేస్తారు, మళ్లీ అరవాలి. విడిగా తీసి పెట్టుకున్న తాళంచెవిని మళ్లీ గుత్తికి తగిలించుకుని, స్టూలు లాక్కుని నేనూ కూర్చున్నాను.